వేగం రాయని కాగితాలు

మార్త చేతిరాత అంత బాగుండకపోతే ఆమె బతుకు ఇంకోలా ఉండేది. ఈ మాట ఆమె తల్లి శౌరమ్మ తరచూ అనేది, అదీ మెచ్చుకోలుగా మాత్రం కాదు.

పామర్రు దగ్గర పొలాల్లో కూలికి పోయే జక్కయ్య కూతురు మార్త. పదకొండో ఏట గుణదలలో ఆడపిల్లల హాస్టల్లో చేరింది. అక్కడ సంగీతం చెప్పే సంజీవరావు మాస్టారు ఒకరోజు బోర్డు మీద అయిదు గీతలు గీసి, వాటి మీద స్వరాల చుక్కలు పెట్టి, చూసి రాసుకోమన్నారు. మిగతా పిల్లల కాగితాలు కోడి కెలికినట్టున్నాయి. మార్త కాగితం మీద మాత్రం చుక్కలు మినుములు ఏరి పేర్చినట్టున్నాయి. మాస్టారు ఆ కాగితాన్ని వెలుగులో పెట్టి చూసి, "ఈ చెయ్యి నాకు కావాలి" అన్నారు. పిల్ల పొంగిపోయింది. ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా ఆ చెయ్యి ఆయన దగ్గరే ఉంది.

మాస్టారు నడిపే గాయక బృందం గుణదలలోని ఒక చిన్న విచారణ గుడిది, అంటే పారిష్ చర్చిది. నలభై మంది పాడేవాళ్లు, పదిమంది వాయించేవాళ్లు. పాటలన్నీ మాస్టారు సొంతంగా కట్టినవే. పాట కట్టగానే దాన్ని ఫుల్ స్కోరుగా రాయాలి, అంటే అన్ని గొంతులూ అన్ని వాయిద్యాలూ ఒకే కాగితం మీద కిందా పైనా పేర్చి ఉండేది. దాంట్లోంచి ఒక్కొక్కరికీ ఎవరి వరుస వాళ్లకి విడిగా దించి ఇవ్వాలి. వాటిని పార్టులంటారు. ఫిడేలు వాయించేవాడికి క్లారినెట్ సంగతి అక్కర్లేదు కదా. మాస్టారు కడతారు, మార్త దించుతుంది. అలా దించీ దించీ ఆమె మధ్యవేలు మీద కాయ కాసింది.

ఇందులో మాస్టారిది ఒక కట్టుబాటు ఉండేది. పాట ఎంత వేగంతో నడవాలో, నిమిషానికి ఎన్ని దెబ్బలో, ఆయన ఫుల్ స్కోరు మీద ఎర్ర పెన్సిల్‌తో అంకె వేసుకునేవారు. ఆ అంకె పార్టుల మీద పడకూడదు. ఏ ఒక్క దాని మీదా పడకూడదు. మొదట్లో మార్త తెలియక ఒక పార్టు మీద దించితే ఆయన బ్లేడుతో గీకించారు.

"వేగం నా చేతిలో ఉంటుంది. అది వాళ్ల కాగితంలో ఉంటే నా చెయ్యి ఎవడు చూస్తాడు?" అన్నారు.

నిజమే, ఎవరూ చూడరు. అందుకే ఆ బృందంలో అందరూ ఆయన చేతి వంకే కళ్లప్పగించి చూసేవారు. ఎనభై ఎనిమిదిలో ఆయన బంధువుల ఇంట్లో ఎవరో పోతే నాలుగు రోజులు గుంటూరు వెళ్లారు. ఆయన లేకుండా ఒక సాధన చేద్దామని కూర్చుంటే, ఆడవాళ్ల గొంతులు పాట చివరికి చేరేసరికి ఫిడేళ్లు ఇంకా మూడో చరణంలో ఉన్నాయి. ఒకళ్లనొకళ్లు తిట్టుకుని లేచిపోయారు. ఈ సంగతి విన్న మాస్టారు వారం రోజులు నవ్వు మొహంతో తిరిగారు. ఆ సాధన రోజున మార్త కూడా ఆ గదిలోనే ఉంది. అంకెలన్నీ ఆమెకి కంఠతా వచ్చు. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

మార్త అప్పటికే పాడటం మానేసింది. మానేసింది అనడం తప్పు, మానిపించారు. ఎనభై నాలుగులో మాస్టారు ఆమెని ఆడవాళ్ల కింది గొంతు వరుసలోంచి లేపి, తన పక్కన స్టూలు వేయించి, పేజీలు తిప్పమన్నారు. పాడేవాళ్లు ఊరినిండా దొరుకుతారు, పేజీ ఎప్పుడు తిప్పాలో తెలిసినవాళ్లు దొరకరు అన్నారు. పెద్ద గౌరవమే. ఆ స్టూలు మీద కూర్చుని ఆమె పందొమ్మిదేళ్లు పక్కవాళ్ల పాట వింది. తనకిష్టమైన వరుస వచ్చినప్పుడల్లా పెదాలు బిగబట్టుకునేది.

ఇంకెక్కడికైనా పోవచ్చు కదా అంటారా? అడగనిదెప్పుడు? టీచర్ ట్రైనింగుకి వెళ్తానంటే క్రిస్మస్ కానీ అన్నారు. ఏలూరు సంబంధం వస్తే ఈస్టర్ కానీ అన్నారు. ఆ తర్వాత గుణదల తిరునాళ్లు కానీ అన్నారు. పండుగలు ఏటా వస్తూనే ఉంటాయి, ఏలూరు పెళ్లికొడుకులు ఆగరు. పోనీ ఎదురు తిరుగుదామా అంటే, పదో తరగతి ఫీజు కట్టింది ఆయన, గవర్నర్‌పేటలో డీటీపీ సెంటర్‌లో ఉద్యోగం చూపించింది ఆయన. జక్కయ్య పోయినప్పుడు పామర్రు దాకా బృందాన్ని బస్సులో తీసుకొచ్చి సమాధి దగ్గర పాడించింది కూడా ఆయనే. చెడ్డవాడైతే ఎప్పుడో వదిలించుకునేది. మంచివాడి పిడికిట్లో ఇరుక్కుంటే అడకత్తెరలో పోకచెక్కే.

రెండువేల రెండులో ఆ డీటీపీ సెంటర్ యజమాని గంగాప్రసాద్ సంగీతం రాసే సాఫ్ట్‌వేర్ సీడీ ఒకటి తెప్పించాడు. మరుసటి ఏడు నవంబరులో గాయక బృందానికి యాభై ఏళ్లు నిండుతాయి. మాస్టారి పాటలు పన్నెండింటిని అచ్చులో తేవాలని కమిటీ పెద్ద మణికుమార్ గారు అనుకున్నారు. పెళ్లి శుభలేఖలకీ, ప్రశ్నపత్రాలకీ మధ్య దొరికిన ఖాళీలో మార్త ఆ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంది. మొదట ఎక్కించింది వలల పాట. రాత్రంతా వలలు వేసి ఏమీ దొరకని జాలర్ల మీద మాస్టారు డెబ్బై తొమ్మిదిలో కట్టిన పాట అది. ఎర్ర పెన్సిల్ అంకె తొంభై ఆరు.

ఆ అంకె ఎక్కడ పెట్టాలో వెతుకుతుంటే సాఫ్ట్‌వేర్‌లో రెండు దారులు కనిపించాయి. ఒక రకం రాత ఒక్క వరుసకే అంటుకుని ఉంటుంది. రెండో రకం మొత్తం స్కోరుకి అంటుకుంటుంది. స్కోరు మీద చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, పైన ఒక్కసారే కనిపిస్తాయి. తేడా పార్టులు విడదీసినప్పుడు తెలుస్తుంది. మార్త రెండో రకంలో పెట్టి, విడదీయమని నొక్కింది. ప్రింటర్ లోంచి పద్నాలుగు పార్టులు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. పద్నాలుగింటి నెత్తినా తొంభై ఆరు ఉంది.

ఒక్కచోట చెబితే అందరికీ చేరింది. మార్త ఆ కాగితాలు బల్ల మీద పరిచి, గంగాప్రసాద్ టీ తెప్పించి పిలిచేదాకా వాటినే చూస్తూ కూర్చుంది. ఆమెకి అంత సంతోషం ఎందుకో అతనికి అర్థం కాలేదు.

మాస్టారికి మాత్రం వెంటనే అర్థమైంది. కళ్లద్దాలు పెట్టుకుని క్లారినెట్ కాగితం చూశారు, తర్వాత ఫిడేలుది, తర్వాత మిగిలినవి. ఇదెవరు పెట్టమన్నారని అడిగారు. కంప్యూటర్ దానంతట అదే పెట్టిందని మార్త చెప్పింది.

"అయితే చెయ్యి ఊపడానికి కూడా దాన్నే రమ్మను" అన్నారు మాస్టారు.

మార్త మళ్లీ షాపుకి వెళ్లింది. పన్నెండు పాటల స్కోరుల్లోనూ అన్నిటికన్నా పైన ఒక ఖాళీ వరుస చేర్చింది. ఏ వాయిద్యానిదీ కాని వరుస, స్వరం ఒక్కటీ లేని వరుస. వేగాలన్నీ తీసి దానికి అంటించింది. ఆ వరుసకి పార్టు లేదు కాబట్టి విడదీసినప్పుడు అంకెలు స్కోరులోనే ఉండిపోతాయి. భలే ఉపాయం. అది ఎవరూ ఆమెకి నేర్పలేదు, తనే కనిపెట్టింది. తన బోనుకి తనే కమ్మీలు బిగించుకున్నట్టయింది.

ఆ సాఫ్ట్‌వేర్ పాటని వినిపిస్తుంది కూడా. వలల పాట విన్నప్పుడు మార్తకి అది పరిగెత్తుతున్నట్టు అనిపించింది. అంకె తప్పు కొట్టానేమోనని చూసుకుంది. సరిగానే ఉంది. షాపు గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టింది. నిమిషానికి తొంభై ఆరు, ఒక్కటి కూడా తేడా లేదు. ఆదివారం సాధనలో ఒళ్లో వాచీ పెట్టుకుని మాస్టారి చేతిని లెక్కపెట్టింది. డెబ్బై రెండు వచ్చింది.

అయితే అది ఆమెకి కొత్త సంగతేం కాదు. పేజీ తిప్పే క్షణం ఆలస్యంగా వస్తోందని ఆమె చెయ్యి ఎప్పుడో కనిపెట్టింది. పందొమ్మిది వందల తొంభై ఏడు నుంచీ మాస్టారి చెయ్యి కొద్దికొద్దిగా బరువెక్కుతూ వచ్చింది. వయసు మరి. ఆయనకి తెలియదు, ఆయన చెయ్యి చూసేవాళ్లకీ తెలియదు. వాళ్ల కాగితాల మీద అంకె లేదు కదా. పాట ఏదో బరువవుతోందని అందరికీ ఒంట్లో తెలుస్తూనే ఉంది, తప్పు తమదే అనుకున్నారు.

అందరిలోకీ ఎక్కువగా అనుకున్నది స్టెల్లా. ఆమె ఒక ఆస్పత్రిలో నర్సు, గొంతు తేనె. వలల పాటలో వల పైకి లాగే చోట ఒంటరిగా ఒకే ఊపిరిలో పాడాల్సిన పొడుగు వరుస ఒకటుంది, అది పదేళ్లుగా ఆమెదే. రెండువేల రెండు క్రిస్మస్‌కి ముందు మూడు సాధనల్లో వరసగా మధ్యలో ఊపిరి తెగింది. ఛాతీలో బలం లేనివాళ్లు ఒంటరి వరుసకి ఆశపడకూడదని మాస్టారు అందరి ముందూ అనేసి, ఆ వరుసని ఫిడేలుకి ఇచ్చారు. స్టెల్లా తన ఆస్పత్రిలోనే ఎక్స్‌రే తీయించుకుంది. ఏమీ లేదు. పెరుగు మానేసింది, చల్లనీళ్లు మానేసింది, పొద్దున్నే లేచి ఏలూరు కాలవ గట్టున నడిచింది. ఆ ఎక్స్‌రే తెచ్చి మార్తకి కూడా చూపించింది.

"చూడక్కా, ఇంత శుభ్రంగా ఉంటే మరి ఊపిరి ఎందుకు చాలట్లేదంటావ్?" అని అడిగింది.

మార్త ఆ నల్ల ఫిల్ముని కిటికీ వైపు పెట్టి చూసింది. పాట నెమ్మదించినకొద్దీ అదే వరుసకి ఊపిరి ఎక్కువ కావాలి. డెబ్బై రెండు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దేవుడున్నాడమ్మా, తగ్గిపోతుందిలే అంది. ఆ తర్వాత తనని తాను అసహ్యించుకుంది, కానీ ఆదివారం మళ్లీ వెళ్లి స్టూలు మీదే కూర్చుంది.

యాభై ఏళ్ల జూబిలీ, సంగీతానికి పాలక పునీతురాలైన సిసిలియమ్మ పండుగనాడు, నవంబరు ఇరవై రెండు శనివారం అని నిర్ణయమైంది. అక్టోబరులో బందరు నుంచి మార్తకి ఉత్తరం వచ్చింది. అక్కడి బడిలో సంగీతం టీచరు పోస్టుకి ఆమె మాస్టారికి తెలియకుండా దరఖాస్తు పెట్టుకుంది. ప్రధానోపాధ్యాయిని సిస్టర్ అమలమ్మ రాసిన ఉత్తరం అది. ఉద్యోగం ఇస్తున్నాం, నవంబరు ఇరవై నాలుగు సోమవారం ఉదయం చేరాలి అని ఉంది. దాని కిందే ఇంకో మాట ఉంది. మీ గురించి వాకబు చేస్తే మీ మాస్టారు, మీరు లేకపోతే బృందం అడుగు కూడా కదలదని రాశారు, అది నిజమైతే ముందే చెప్పండి, మేం వేరేవాళ్లని చూసుకుంటాం అని.

మార్తకి నలభై ఒకటి. ఇది పోతే ఇంకోటి రాదని ఆమెకి తెలుసు. మాస్టారి ఇంటికి వెళ్లి ఉత్తరం చూపించింది. జూబిలీ కానీ, చూద్దాం అన్నారు ఆయన. ఆ 'కానీ' వినీ వినీ ఆమె చెవులు అరిగిపోయాయి.

జూబిలీ పది రోజులుందనగా మాస్టారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. ప్రాణానికి భయం లేదన్నారు డాక్టర్లు, చెయ్యి మాత్రం ఇప్పట్లో లేవదన్నారు. మార్త ఆస్పత్రిలో ఆయన మంచం పక్కన కూర్చుని, కదలని ఆ చేతిని చూసి ఏడ్చింది. అది నిజమైన ఏడుపే. ఆ ఏడుపులో సోమవారం గురించిన బెంగ కూడా కలిసి ఉందని ఆమెకి తెలుసు, అందుకు సిగ్గుపడింది.

మర్నాడు కమిటీ కూర్చుంది. మణికుమార్ గారు నేరుగా విషయానికి వచ్చారు. "నువ్వు నిలబడాలమ్మా. వేగాలు నీకు తప్ప ఇంకెవరికి తెలుసు?" అన్నారు. అందరూ అవునన్నారు. వెనక వరుసల్లో ఎక్కడో చప్పట్లు కూడా పడ్డాయి.

మార్త ఒప్పుకుంది. గుమ్మం దాటాక గాని తను దేనికి ఒప్పుకుందో బోధపడలేదు. స్కోరు చేతిలో పట్టుకుని రేపు నిలబడితే నలభై మందీ పదిమందీ కలిసి తన చేతి వంక చూస్తారు. జూబిలీ అవుతుంది, క్రిస్మస్ వస్తుంది, ఈస్టర్ వస్తుంది. ఆమె లేకపోతే బృందం కదలదని మాస్టారు రాసింది అక్షరాలా నిజమైపోతుంది. ఇంకో నిజం కూడా ఉంది, అది చెప్పుకోవడానికి బాగోదు: ఆ చప్పట్లు ఆమెకి నచ్చాయి.

అందుకే ఆలస్యం చేయలేదు. నేరుగా ఆటో ఎక్కి గవర్నర్‌పేట వెళ్లింది. మధ్యాహ్నం భోజనాల వేళ, షాపు ఖాళీగా ఉంది. పన్నెండు స్కోరులూ తెరిచి, ఖాళీ వరుసకి అంటించిన వేగాలన్నీ తీసి మొత్తం స్కోరుకి అంటించింది. ఖాళీ వరుసలు తీసిపారేసింది. పార్టులు మళ్లీ విడదీసింది. ప్రింటర్ సాయంత్రం దాకా ఆడుతూనే ఉంది.

"ఏంటి మార్త గారూ, పాతవి బాగానే ఉన్నాయి కదండీ?" అన్నాడు గంగాప్రసాద్, కాగితాల దొంతర చూసి.

పాతవాటిలో ఒకటి తక్కువైందని చెప్పింది మార్త.

సాధనలో కొత్త పార్టులు పంచింది. ప్రతి పాట మీదా అంకె ఉంది, ఇంక ఎవరి చెయ్యీ చూడక్కర్లేదు అని విడమరిచి చెప్పింది. గోడ గడియారం చూపించి దెబ్బ ఎలా లెక్కపెట్టాలో కూడా చెప్పింది. అందరూ శ్రద్ధగా తలలూపారు. తర్వాత కాగితాలు ఒళ్లో పెట్టుకుని ఆమె చేతి వంక చూస్తూ కూర్చున్నారు. కాగితం చూడండి అంది. చూశారు, మళ్లీ తలెత్తారు. చెయ్యి లేస్తే గాని మాకు రాదమ్మా అన్నాడు ఫిడేలు వాయించే పెద్దాయన. ఇరవై ఏళ్ల అలవాటు ఒక ప్రింటవుట్‌తో పోతుందా? ఇంక దారిలేక మార్త చెయ్యెత్తింది. వలల పాట మొదలైంది.

పల్లవి సగం దాటిందో లేదో క్లారినెట్ ఆగిపోయింది. ఆగింది యేసుబాబు. ముప్ఫై అయిదేళ్ల మనిషి, పెళ్లిళ్ల బ్యాండులో పెరిగాడు, పెద్దగా మాట్లాడే రకం కాదు. కాగితాన్ని వేలితో తట్టాడు.

"మార్తక్కా, ఇందులో తొంభై ఆరని ఉంది. నువ్వేసేది అది కాదు."

చెయ్యి ఊపేవాళ్లని తప్పుపట్టడం ఆ గదిలో అదే మొదటిసారి. మార్త తన చేతి వంక చూసుకుంది. ఆ అంకె స్కోరులో ఎక్కించింది తను, పద్నాలుగు పార్టుల మీద అచ్చు వేయించింది తను. కానీ చెయ్యి మాత్రం డెబ్బై రెండు వేస్తోంది. మాస్టారి పక్కన కూర్చుని పేజీలు తిప్పీ తిప్పీ, ఆయన బరువు ఆమె చేతిలోకి దిగిపోయింది. భయం వేసింది ఆమెకి. దాని వెంటే, కాసేపటికి, తేలికగా కూడా అనిపించింది.

"అయితే నువ్వు రా యేసుబాబూ. నీకు తెలుసుగా" అంది.

అతను ముందు వద్దన్నాడు, తర్వాత వచ్చి నిలబడ్డాడు. బ్యాండువాడి చెయ్యి, గడియారంలా నడిచింది. దెబ్బ తప్పినప్పుడల్లా ఎవరో ఒకరు కాగితం తట్టి చెప్పారు, అతను నవ్వి సర్దుకున్నాడు. మార్త స్టూలు పక్కకి జరిపి కింది గొంతు వరుసలోకి వెళ్లి నిలబడింది. స్టెల్లాని ఒంటరి వరుస మళ్లీ పాడమన్నది ఆమే.

శనివారం గుడి నిండిపోయింది. మాస్టారిని చక్రాల కుర్చీలో తీసుకొచ్చి ముందు వరుసలో ఉంచారు. వలల పాట మొదలైంది. వల లాగే చోటుకి వచ్చేసరికి స్టెల్లా ఊపిరి తీసుకుంది. ఒకే ఊపిరిలో వరుసంతా పాడేసింది, ఇంకా కాస్త మిగిలింది కూడా. మార్త పందొమ్మిదేళ్ల తర్వాత నోరు తెరిచి పాడుతోంది. మధ్యమధ్యలో, పక్కన లేని పేజీని ఆమె ఎడమ చెయ్యి తిప్పబోయి ఆగింది.

కార్యక్రమం అయ్యాక జనం టీల దగ్గరికి వెళ్లారు. మాస్టారు మార్తని దగ్గరికి పిలిచారు. మాట ముద్దగా వస్తోంది.

"ఆ వేగం... ఎవరు చెప్పారు వాడికి?"

"మీరేనండి. డెబ్బై తొమ్మిదిలో మీరు ఎర్ర పెన్సిల్‌తో వేసిన అంకే."

ఆయన ఎడమ చేతి వేళ్లు కుర్చీ చెయ్యి మీద ఒకసారి మెల్లగా, ఒకసారి వేగంగా దెబ్బ వేసి చూసుకున్నాయి. పాట కట్టినవాడికి తెలియదా? తెలిసిపోయింది.

"ఎప్పట్నుంచి?"

"ఆరేళ్ల నుంచండి."

"నీకు తెలుసుగా" అన్నారు మాస్టారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "మరి చెప్పలేదేం?"

మీరు చెప్పనివ్వలేదు కదా అందామనుకుంది మార్త. కానీ అది సగమే నిజం. ఆయన చెప్పొద్దన్నది పార్టులకి. తన చెయ్యి నెమ్మదించిందని తనకే చెప్పొద్దని ఆయన ఎప్పుడూ అనలేదు. బోనుకి రెండు తాళాలుంటే ఒకదాని చెవి మొదట్నుంచీ ఆమె దగ్గరే ఉంది.

వెనక ఎవరో ఉన్నారనిపించి తిరిగి చూసింది. మాస్టారికి టీ తెచ్చిన స్టెల్లా కప్పు పట్టుకుని నిలబడి ఉంది. మొహంలో పాట తాలూకు వెలుగు ఇంకా పూర్తిగా ఆరలేదు.

"ఆరేళ్లా అక్కా?" అంది.

స్టెల్లా కప్పుని జాగ్రత్తగా మాస్టారి ఎడమ చేతికి అందించింది, ఒలకకుండా పట్టుకుంది. తర్వాత మార్త వంక చూడకుండానే అంది.

"ఆ ఎక్స్‌రే ఇంకా మా బీరువాలోనే ఉంది."

సోమవారం పొద్దున్నే మార్త బందరు బస్సు ఎక్కింది. ఎవరూ ఆగమనలేదు. యేసుబాబు బస్టాండు దాకా వచ్చి పెట్టె పైన పెట్టి వెళ్లాడు. స్టెల్లా రాలేదు. ఉయ్యూరు దాటింది, పామర్రు దాటింది, కోతకొచ్చిన వరి రెండు వైపులా వెనక్కి పోతోంది. ఇన్నేళ్లూ కోరుకున్నది చేతికొచ్చింది. కిటికీ పక్కన కూర్చున్న ఆమె ఒళ్లో వేళ్లు వాటంతట అవే దెబ్బ వేస్తున్నాయి. వాచీ చూస్తూ నిమిషం పాటు లెక్కపెట్టింది.

డెబ్బై రెండు.